2,51,251 బోల్టుల పంచాయితీ

2023 వానాకాలంలో నేను ఇస్నాపూర్ దగ్గర ఒక బోల్టుల ఫ్యాక్టరీలో స్టోర్స్ అసిస్టెంట్‌ని. ఇచ్చిన సరుకు, తిరిగొచ్చిన సరుకు రాసుకోవడం నా పని. ఇంట్లో మాత్రం ఇంజనీరని చెప్పుకునేవారు.

ఆ నెల పెద్ద ఆర్డరు. ఏడు లారీలు. లారీకి పదకొండు ప్యాలెట్లు, అంటే కార్టన్లు పేర్చే చెక్క పీటలు. ప్యాలెట్‌కి పదమూడు కార్టన్లు, కార్టన్‌కి 250 బోల్టులు. లేబుళ్ల ప్రకారం మొత్తం 2,50,250. ప్యాకింగ్‌కి నేనిచ్చింది 2,60,000, తిరిగొచ్చింది 8,749. అంటే వాడింది 2,51,251. వెయ్యిన్నొక్క బోల్టులు గల్లంతు.

ప్యాకింగ్ చూసేది యాదగిరన్న. ఆరేళ్లుగా కాంట్రాక్టు మీదే ఉన్నాడు. ఫర్నేస్ నుంచి ఆ నెలే ప్యాకింగ్‌కి మారాడు. అతన్ని పర్మనెంట్ చేసే కాగితం మేనేజర్ గారి టేబుల్ మీద ఉంది, సంతకం ఒక్కటే తక్కువ.

మేనేజర్ గారిది కోస్తా. ఆ కాగితాన్ని సొరుగులోకి తోసి, "అన్ని బోల్టులు ఎక్కడికి పోయాయయ్యా? పాత ఇనుము కొట్టుకా?" అన్నారు.

"నేనెందుకు దీస్త సారు? గింత బరువు జేబుల వెట్టుకుంటె ప్యాంటు నిలుస్తదా?"

వాదన బలమైనదే. చూపు మాత్రం సొరుగు మీదే ఉంది.

సాయంత్రంలోగా తేల్చమని నన్ను పురమాయించారు. నాకు చేతనైన దర్యాప్తు కాగితం వైపు చూడటం. చూస్తే 251 పక్కన మళ్లీ 251. ఏ మూడంకెల సంఖ్యనైనా రెండుసార్లు పక్కపక్కన రాస్తే, దాన్ని 1001 శేషం లేకుండా భాగిస్తుంది. 1001 అంటే ఏడు, పదకొండు, పదమూడుల లబ్ధం. ఈ ముగ్గురినీ ఎక్కడో చూశానే అనుకున్నాను. మా లారీలు, మా ప్యాలెట్లు, మా కార్టన్లు! మేం రాసేది ప్యాలెట్ల లెక్కే కాబట్టి కార్టన్లు కూడా వెయ్యిన్నొకటేనని ఎవరికీ తట్టలేదు. భాగిస్తే వచ్చేది 251. అది ప్రధాన సంఖ్య, ఇక విరగదు. కార్టన్‌కి ఒకటి చొప్పున ఎక్కువ పడిందన్నమాట. ఏ దొంగా ఇంత పద్ధతిగా ఉండడు.

గణితాన్ని మా మేనేజర్ గారు సాక్షిగా ఒప్పుకోరు. ఏడో లారీ ఇంకా గేటు దగ్గరే ఉంది. ఒక కార్టన్ దింపి కౌంటింగ్ స్కేల్ మీద, అంటే బరువును బట్టి ఎన్ని ఉన్నాయో చెప్పే కాటా మీద పోశాం. 251. ఇంకోటి. 251.

"యాదగిరన్నా, ఈ ఒక్కటి ఏంది?"

"కాటా మీద సివర్న సున్న వడుతది గదనే. సున్నతోని ఎట్ల పంపుతం? పెండ్లిల నూటపదహార్లు సదివిస్తరా, వంద సదివిస్తరా? మంచిగుంటదని మీద ఒకటేసిన."

ఇదంతా విని మేనేజర్ గారు సొరుగు తెరిచారు. ఆ కాగితం తీసి సంతకం పెట్టారు.

ఎవరు తీశారని అడిగే ముందు, ఆ సంఖ్య దేనితో తెగుతుందో చూడాలని ఆ రోజు నేర్చుకున్నాను. యాదగిరన్న ఏమీ నేర్చుకోలేదు. పర్మనెంట్ చేసిన కాగితం చేతికొచ్చాక తన ఎంప్లాయీ నంబర్ చూసుకున్నాడు. 500.

"సారు, జెర మీద ఒకటెయ్యరాదుండ్రి?"