మా కొట్టు ఉప్పులో సముద్రపు చేప

ఆ రోజుల్లో ఉప్పుకు పేరుండేది కాదు, అమ్మేవాడికి ఉండేది. ఇప్పుడు పొట్లం మీద పేరు చూసి కొంటున్నాం గానీ, అరవయ్యో దశకం ఆఖర్లో ఆమదాలవలస బజారులో ఉప్పంటే కొట్టు ముందు గోనె మీద పోసిన కుప్ప. రాత్రిపూట దాన్ని అక్కడే వదిలేసి, పైన ఇంకో గోనె కప్పి, తలుపులు వేసుకునేవాళ్ళం. ఉప్పు దొంగిలిస్తే పాపమని దొంగలకు కూడా భయం ఉండేది (బెల్లం విషయంలో వాళ్ళకు అంత పట్టింపు లేదు). మా నాన్నది ఆ బజారులో ఉప్పు కొట్టు, మా ఇంటి ముందు గదిలోనే. నౌపడా మళ్ళలో పండిన ఉప్పు రైలు మీద వచ్చేది. చిటికెడు నాలుక మీద వేసుకుని అది ఏ మడిదో, వానకు ముందు తీసిందో తరవాత తీసిందో చెప్పేవాడు నాన్న. నేను ఏ ఉప్పు తిన్నా ఉప్పగా ఉందని మాత్రమే చెప్పగలిగేవాణ్ణి. అందుకే నన్ను విజయనగరం పంపి పీయూసీ చదివించారు. జంతుశాస్త్రంలో తప్పి, మళ్ళీ ఆ ఉప్పు కుప్ప దగ్గరికే వచ్చి కూర్చున్నాను.

మా ఎదురుగా ఇంకో ఉప్పు కొట్టు. అది మా అమ్మకు పినతల్లి కొడుకుది, అంటే నాకు మావయ్య. మేమంతా ఎదురుకొట్టు మావ అనేవాళ్ళం. పండగొచ్చినా పబ్బమొచ్చినా మా ఇంట్లోనే భోజనం చేసేవాడు, మజ్జిగ తాగి మూతి తుడుచుకునేవాడు, రోడ్డు దాటి తన కొట్లో కూర్చోగానే మాకు పోటీదారయ్యేవాడు. ఆ వేసవిలో ఆయన ఒక మాట పుట్టించాడు. పల్లెల నుంచి వచ్చే బేరగాళ్ళతో నవ్వుతూనే అనేవాడు: "మా బావ ఉప్పు మంచిదేనర్రా. కూర ఒండుకున్నాక అడుగునున్న ఇసక దేవుకోవాల, అంతే." నవ్వుతూ అన్నమాట కదా, కొట్లాడ్డానికి వీల్లేదు. చీపురుపల్లి నుంచి రైల్లో వచ్చే పాత బేరగాళ్ళు కూడా మా కుప్ప ముందు ఒక క్షణం ఆగి, గుప్పెడు తీసి వేళ్ళ మధ్య నలిపి చూసి, రోడ్డు దాటిపోవడం మొదలుపెట్టారు. నాన్నకు నష్టం కన్నా ఆ నలిపి చూడటం ఎక్కువ బాధించింది. అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోయేవాడు.

ఒకరోజు సంత బేరం మధ్యలో నాన్నకు ఓపిక నశించింది. నడిరోడ్డు మీద నిలబడి, "నా ఉప్పు ఉప్పు కాదు బావా, సముద్రమే! నూతి నీళ్ళల్లో నా ఉప్పు కలిపి సముద్రపు సేపనొదిల్తే హాయిగా బతుకుతాది. సచ్చిందా, ఈ బజార్లో మరి నాను ఉప్పమ్మను," అన్నాడు.

"అలగైతే ఒదులు బావా, సూద్దుం," అన్నాడు మావ తాపీగా. "రథయాత్ర దాకా బతికితే నీ ఉప్పు మంచిదని నా కొట్టుముందు నానే నిలబడి అరుస్తాను."

కోపం చల్లారాక నాన్నకు ఒక సంగతి గుర్తొచ్చింది. మాది చేపల బుట్ట వీధిలోకి వస్తే కిటికీ మూసుకునే ఇల్లు. చేపను ఎక్కడ పట్టుకోవాలో కూడా మా వంశంలో ఎవరికీ తెలియదు. అప్పుడు నేను గొంతు సవరించుకుని, విజయనగరం కాలేజీలో గాజు తొట్టిలో చేపల్ని పెంచడం చూశానని, నాకు వచ్చని చెప్పాను. (చూసిన మాట నిజం. తొట్టి పక్కన నిలబడి తల దువ్వుకునేవాణ్ణి, గాజులో నీడ బాగా కనిపించేది.) కాలేజీ నుంచి వచ్చాక నాన్న నా మాట పూర్తిగా వినడం అదే మొదలు. అమ్మ మాత్రం, "ఇంట్లోకి సేపలేటి, మన బతుకులేటి! తెచ్చినోడే సాకాల, నాను ముట్టుకోను," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఇనుప చట్రం కమ్మరి చేశాడు, గాజుపలకలు శ్రీకాకుళం నుంచి తెచ్చాం, లప్పం పెట్టి అతుకులు నేనే మూశాను. మొదటిసారి నీళ్ళు పోస్తే మూడు వైపుల నుంచి కారాయి, నాలుగో వైపు గోడకు ఆనించి ఉండటంవల్ల కనిపించలేదు. చివరికి నిలిచాయి. నీటికి గాలి ఆడాలని కాలేజీలో విన్నాను గనక ఒక పాత లారీ ట్యూబు సంపాదించి, దాని మూతికి సన్నటి రబ్బరు గొట్టం తగిలించి, ఆ కొస తొట్టిలో వేశాను. రోజూ పొద్దున్నే సైకిలు పంపుతో ట్యూబు ఉబ్బేదాకా కొట్టేవాణ్ణి, అది సాయంత్రం దాకా నిట్టూరుస్తూ నీళ్ళలోకి బుడగలు వదిలేది. ఉప్పు కలిపింది మాత్రం నాన్నే. నూతి నీళ్ళలో దోసిలి దోసిలిగా వేస్తూ, కలుపుతూ, నాలుక మీద చుక్క వేసుకుంటూ, కళ్ళు మూసుకుని, "ఇదిగో, ఇప్పుడొచ్చింది సముద్రం," అన్నాడు. ఆ తరవాత చేప అందులో పడింది గనక ఇక ఆ నీళ్ళలో వేలు పెట్టే ప్రసక్తి లేదు. ఎంగిలిని మించిన మైల అది. కథంతా ఇక్కడే ఉంది గనక ఈ ముక్క కాస్త గుర్తుంచుకోండి.

చేపల కోసం నేను బస్సెక్కి కళింగపట్నం వెళ్ళాను. ఒడ్డున జాలరి ఒకతను నాకు రెండు రకాలు పట్టిచ్చాడు: పసుపూ నలుపూ చారలున్న అందమైనవి కొన్ని, వంశధార సముద్రంలో కలిసే చోట దొరికిన బూడిదరంగువి కొన్ని. బిందె ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చుంటే పక్కనున్నాయన బిందెలోకి తొంగిచూసి, కూర ఎలా వండితే బాగుంటుందో శ్రీకాకుళం వరకు చెప్పుకొచ్చాడు. చారల చేపలు ఆ వంటకాలు వింటూనే కాబోలు ప్రాణాలు వదిలాయి. బూడిదరంగువాటిలో ఒకటి మాత్రం ఇల్లు చేరింది. దాన్ని తొట్టిలో వదిలాక నాన్న, నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. అది అడుక్కి దిగి, నేను పరిచిన ఏటి ఇసుకను ఒకసారి మూతితో పొడిచి, మా ఉప్పు గురించి ఏ అభిప్రాయమూ చెప్పకుండా ఈదుకుంటూ పోయింది.

పొద్దున లేవగానే నాన్న దేవుడి పటం కన్నా ముందు తొట్టి వైపు చూసేవాడు. తవుడు, ఉడికిన మెతుకులు వేస్తే చేప బుద్ధిగా తినేది. శాకాహారుల ఇంటికి తగిన చేపే దొరికిందని నాన్న సంతోషపడ్డాడు. ఊళ్ళో మాత్రం షావుకారింట్లోకి చేపలు తెచ్చారన్న కబురు ఇంకోలా పాకింది. అంతవరకు మా గుమ్మం దగ్గర గొంతు తగ్గించుకుని వెళ్ళే చేపలమ్మి ఒక పొద్దున ఆగి, బుట్ట దించి, "అమ్మా, కానాగంతలొచ్చినాయి, బేగి రా!" అని మా అమ్మను పిలిచింది. అమ్మ ఆ పూట వంట చెయ్యలేదు.

నేను మాత్రం ఒక చిన్న శాస్త్రవేత్తనైపోయాను. నీటిమట్టం దగ్గర గాజు మీద సిరాతో గీత గీశాను. వైశాఖం ఎండలకు మా నుయ్యే రెండు వరలు దిగింది, తొట్టిలో నీళ్ళు మాత్రం గీత దిగలేదు. ఇదంతా నా లప్పం గొప్పతనమని, పైగా ఉప్పునీరు ఆవిరి కాదని బేరగాళ్ళకు ఉపన్యాసాలిచ్చాను. (మళ్ళలో నీళ్ళు ఎండితేనే కదా ఉప్పొచ్చేదని వాళ్ళెవరూ అడగలేదు. ఉప్పు కొట్టువాడి కొడుకునై ఉండి నాకూ తట్టలేదు.) చేపను చూడ్డానికి వచ్చినవాళ్ళు పోతూ పోతూ ఉప్పు కొనేవారు. అయినా నలిపి చూడటం మానలేదు.

రథయాత్ర వచ్చింది. రథం మా బజారు దాటి వెళ్ళాక, జనం ఇంకా చెదిరిపోకముందే, ఎదురుకొట్టు మావ నలుగురిని వెంటేసుకుని మా కొట్లోకి వచ్చాడు. ముందు గదిలో కాటా పక్కన తొట్టి, తొట్టిలో చేప. వచ్చినప్పటికన్నా లావుగా, నున్నగా, ఎవరినీ లెక్కచెయ్యకుండా తిరుగుతోంది. నాన్న చెయ్యి చాపి చూపించాడు.

"సేప బతికే ఉన్నాది, కాదన్ను," అన్నాడు మావ. "మరి నీళ్ళు ఉప్పునీళ్ళేనా అని సూడాల కదేటి బావా?" మేమెవ్వరం ముట్టుకోం గనక మావ తనతో బస్తాలు మోసే కళాసీల మేస్త్రిని తెచ్చాడు. ఆయన అన్నీ తినే మనిషి, ఏ మైలా లేదు. పైగా పొద్దుటి నుంచి రథం తాడు లాగి వచ్చాడు. మేస్త్రి తొట్టిలో దోసిలి ముంచి నోట్లో పోసుకున్నాడు. ఉమ్మేస్తాడని అందరం పక్కకు జరిగాం. ఆయన మింగాడు. ఇంకో దోసిలి తీసుకుని అదీ తాగాడు. మూతి తుడుచుకుని, "బాగున్నాయి బాబూ, సల్లగున్నాయి," అన్నాడు.

నాన్న ముఖం పాలిపోయింది. మెల్లగా తొట్టి దగ్గరికి వెళ్ళి, పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి చెయ్యని పని చేశాడు: చేప ఉన్న నీళ్ళలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. ఏ మడి ఉప్పో చెప్పగలిగే ఆ నాలుకకు అక్కడ ఉప్పే దొరకలేదు. "మన నూతి నీళ్ళే," అన్నాడు, తనలో తాను అనుకున్నట్టు. మావ వెంట వచ్చినవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది.

అప్పుడు లోపలి గుమ్మంలోంచి అమ్మ గొంతు వినిపించింది. "నానే పోసేను. రోజూ మద్దేన్నం మీరు తొంగున్నప్పుడు రెండు సెంబులు తీసి కొబ్బరిసెట్టుకి పోసి, ఆ సిరా గీత దాకా మంచినీళ్ళు పోసేను. పొద్దల్లా ఉప్పునీళ్ళల్లో ఉంటాది, దానికి దాహం వెయ్యదేటి?"

(జంతుశాస్త్రం చదివినవాణ్ణే గానీ, చేపకు దాహం వేస్తుందో లేదో నాకూ తెలియదు.) మావ నవ్వబోయాడు. అమ్మ గుమ్మం దాటి బయటికి వచ్చింది. బజారు మనుషులున్నప్పుడు ఆమె కొట్లోకి రావడం నేనెప్పుడూ చూడలేదు.

"ఉప్పు మంచిదో కాదో సేపనడుగుతారేటన్నియ్యా?" అంది మావతో. "నన్నడగొచ్చు కదా. నిన్నడగొచ్చు. ఇన్నేళ్ళబట్టి నా సేతి పప్పు తింతన్నావు, పులుసు తాగుతన్నావు. ఎప్పుడైనా పంటికి ఇసక తగిలిందేటి? తగిల్తే ఇప్పుడే, ఈలందరి ముందర సెప్పీ."

మావ తొట్టిలో చేపను చూశాడు, కాటాను చూశాడు, తన చెప్పులను చూశాడు. రోడ్డు మీద జనం కూడా లోపలికి వంగి వింటున్నారు. "లేదు సెల్లెమ్మా," అన్నాడు చివరికి. "ఇనపడలేదు, గట్టిగా సెప్పు," అంది అమ్మ. ఆయన గట్టిగా చెప్పాడు. తన కొట్టు ముందు అరవాల్సిన మాటను మా కొట్లోనే అరిచాడు. ఆ సాయంత్రం మా ఇంట్లోనే భోంచేశాడు కూడా, పప్పులో రెండుసార్లు నెయ్యి వేయించుకుని.

ఆ తరవాత మా ఉప్పు నలిపి చూసినవాళ్ళు లేరు. కానీ మా నాన్నకు మాత్రం ఆ బజారులో జీవితాంతం 'చేప షావుకారు' అన్న పేరే మిగిలింది. చేప వాసన కూడా పడని మనిషి ఆ పిలుపుకు పలకడం నేర్చుకున్నాడు. నది, సముద్రం కలిసే చోట పుట్టిన చేపలకు ఉప్పునీరైనా మంచినీరైనా ఒకటేనని చాలా ఏళ్ళకు తెలిసింది. అంటే మా పరీక్ష మొత్తం ఉత్తదే. ఉప్పు ఎంత మంచిదైనా, ఎంత చెడ్డదైనా అది బతికేది. ఆ మాట నాన్నకు నేను చెప్పలేదు. రథయాత్ర మర్నాడు మధ్యాహ్నం నాకు మెలకువ వచ్చి చూస్తే, అమ్మకన్నా ముందే ఆయన చెంబు పట్టుకుని తొట్టి దగ్గర నిలబడి ఉన్నాడు. నన్ను చూసి, "ఏటలగ సూస్తన్నావు, ఎండగా ఉన్నాది కదా," అన్నాడు. ఆ ఏడు మా కొబ్బరిచెట్టు కాచినట్టు మళ్ళీ ఎప్పుడూ కాయలేదు.

మొన్నీమధ్య విశాఖపట్నంలో ఒక పెద్ద హోటలుకు పెళ్ళి భోజనానికి వెళ్ళాను. వాకిట్లోనే గోడంత గాజు తొట్టి, లోపల పగడపు దిబ్బలు, కళింగపట్నం బస్సులో నా ఒళ్ళో చచ్చిపోయిన రకం చారల చేపలు. అది అసలైన సముద్రపు నీరేనని, ఉప్పు ఎంతుందో మిషను చూసుకుంటుందని అక్కడి కుర్రాడు చెప్పాడు. నాకు కళ్ళు చెమర్చాయి, ఎందుకో అతనికి చెప్పలేదు. అతను అటు తిరగగానే నా చేతిలో ఉన్న మంచినీళ్ళ గ్లాసు వైపు ఒకసారి, తొట్టి వైపు ఒకసారి చూశాను. జంతుశాస్త్రం తప్పినవాణ్ణే గానీ, పోస్తే ఏమవుతుందో ఈ వయసుకు నాకు తెలుసు. తెలిసినా చెయ్యి కాస్త లేచింది. తొట్టి మూతకు తాళం వేసి ఉంది. వేసినవాడెవడో గానీ, మా అమ్మను ఎరిగినవాడే అయ్యుంటాడు.