నేర్చుకోవడానికి పట్టే కాలం

టౌరంగాలో మా తెలుగువాళ్ళ ఇళ్ళలో శనివారం విందు ఉంటే మగవాళ్ళం గరాజ్‌లో కూర్చుంటాం. ఈ అలవాటు ఎవరు మొదలుపెట్టారో తెలియదు. కార్లు బయటికి తీసి, కాంక్రీటు నేల మీద పాత కార్పెట్ ముక్క పరిచి, మడత కుర్చీలు వేస్తారు. మా ఇంటి గరాజ్ గోడల్లో నేను ఇన్సులేషన్ వేయించాను. అందువల్ల చలికాలపు విందులు ఎక్కువగా మా ఇంట్లోనే జరిగేవి.

అక్కడి మాటలన్నీ చివరికి మూడు విషయాల దగ్గరకే చేరేవి: ఈ దేశంలోకి ఎవరిని రానివ్వాలి, న్యాయమూర్తులను ఎవరు నియమించాలి, సినిమాలు ఎందుకిలా తయారయ్యాయి. మూడింటిలోనూ నావి ఛాందసపు అభిప్రాయాలని పేరు. ఆ పేరును నేను కాదనలేదు.

వలసల గురించి నా వాదన నా వృత్తిలోంచి వచ్చింది. నేను కివీ పండ్లను పెట్టెల్లో సర్ది నిలవచేసే ప్యాక్‌హౌస్‌లో శీతల గిడ్డంగుల ఇంజనీరుని. ప్రతి గదికీ చల్లబరిచే శక్తి ఇంత అని ఉంటుంది. తోట నుంచి వెచ్చగా వచ్చిన పండ్లను ఆ శక్తికి మించి ఒకేసారి లోపలికి తోస్తే కొత్తవి చల్లబడవు సరికదా, అప్పటికే చల్లబడినవి కూడా వేడెక్కుతాయి. అక్కడ పండు మంచిదా కాదా అన్నది ప్రశ్న కాదు, గది శక్తి ఎంత అన్నదే ప్రశ్న. దేశంలో ఇళ్ళు, ఆసుపత్రులు, బడులు కూడా అటువంటివేనని నేను చెప్పేవాణ్ణి. నేనూ ఒకనాడు బయటినుంచి వచ్చినవాణ్ణే. లెక్కకు లోబడే వచ్చాను కనుక ఆ మాట అనడంలో నాకు ఇబ్బంది కనిపించలేదు.

న్యాయమూర్తుల ప్రస్తావన తెచ్చేది మా వీధి చివరి అంకుల్. ఆయన గుంటూరులో వకీలుగా చేసి, ఇప్పుడు కూతురి దగ్గర ఉంటున్నారు. మన దేశంలో జడ్జీలే జడ్జీలను ఎంచుకునే పద్ధతి ఆయనకు గిట్టదు. "బుట్టలో మామిడిపళ్ళు పక్క పళ్ళను ఏరుకుంటాయటయ్యా? ఏరేవాడు బుట్ట బయట ఉండాలి" అనేవారు. ఎవరు ఏరినా సరే, ఆ కుర్చీలో కూర్చున్నవాడు రాసి ఉన్నదే చదవాలని, చట్టంలో లేని దయను తీర్పులోకి తేకూడదని నేను అనేవాణ్ణి.

మా బావమరిది తలుపు దగ్గర, బోర్లించిన ప్లాస్టిక్ పెట్టె మీద కూర్చుని ఇవన్నీ వినేవాడు. నా భార్యకు ఒక్కడే తమ్ముడు. ఇన్వర్‌కార్గిల్‌లో చదువుకోవడానికి వచ్చి, చదువు అయ్యాక అక్కడే ఒక పాత కారు కొని, దాన్ని పడవెక్కించి దక్షిణ దీవి నుంచి జలసంధి దాటి మా ఊరు చేరాడు. మా ప్యాక్‌హౌస్‌లోనే గిడ్డంగి పనిలో చేరాడు. పెట్టెల వరసలను గాలి ఆడేలా అమర్చడం, పండులోకి సూది గుచ్చి లోపలి చల్లదనం చూడడం, ఏ వరసను ఎప్పుడు కదపాలో తేల్చడం అతని పని. ఉండేది మా పెరటి గదిలో.

ఉగాది వేడుకకు మా సంఘం పిల్లలకు డాన్సు నేర్పేది కూడా అతనే. నేను సాంస్కృతిక కమిటీలో ఉన్నాను. కత్తి పట్టుకున్న హీరో చుట్టూ తిరిగే పాటలకు పదేళ్ళ పిల్లలు నడుములు ఊపడం నాకు సమ్మతం కాదు. ఒక పాట తీసేయమన్నాను. అతను వాదించలేదు. పాట మార్చి, అడుగులు మాత్రం అవే ఉంచాడు. నేను కనిపెట్టానని అతనికి తెలుసు. ఇద్దరమూ ఆ సంగతి ఎత్తలేదు.

తక్కువ నైపుణ్యపు పనుల్లో ఉన్నవాళ్ళు కొంతకాలం పనిచేశాక దేశం వదిలి వెళ్ళి, బయట కొన్నాళ్ళు గడిపితే తప్ప మళ్ళీ వీసా అడగకూడదన్న నియమాన్ని నేను గరాజ్‌లో సమర్థించాను. అతని పని ఆ తరగతిలోకే వస్తుందని అందరికీ తెలుసు. కొందరు తలుపు వైపు చూశారు.

"నేనైనా అదే రూల్ పెడతాను బావా. కాకపోతే నేను లోపలికొచ్చి తలుపేసుకున్నాక పెడతాను" అన్నాడు అతను. అంకుల్ నవ్వారు. అందరమూ నవ్వాం.

అతని వీసా గడువు దగ్గరపడింది. నా భార్య రాజకీయాలు మాట్లాడదు. ఒక ఉదయం నా లంచ్ బాక్స్ మూత పెడుతూ, "ఎంపీ ఆఫీసులో మీరంటే తెలుసు కదా. వాణ్ణి ఉండనివ్వమని అడగండి. మీ అభిప్రాయం మార్చుకోమనట్లేదు" అంది. ఎన్నికలప్పుడు ఆ ఎంపీ పార్టీ కరపత్రాలు నేను మా వీధుల్లో పంచాను. అందుకే అంది.

నేను ఆలోచించాను. ప్రత్యేక పరిస్థితుల్లో మినహాయింపు ఇచ్చే అధికారం మంత్రికి చట్టంలోనే ఉంది. అది రాసి ఉన్న దయ. దాన్ని అడగడం నా మాటకు విరుద్ధం కాదని తేల్చుకున్నాక అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.

ముగ్గురమూ వెళ్ళాం. ఎంపీ వెల్లింగ్టన్‌లో ఉన్నారు. ఆయన సహాయకురాలు మమ్మల్ని కూర్చోబెట్టి టీ ఇచ్చింది. అతని మీద మంచి అభిప్రాయంతోనే వింది. డాన్సు సంగతి నా భార్య చెబితే నవ్వింది కూడా. ఇతను లేకపోతే గిడ్డంగికి ఏ ఇబ్బంది వస్తుందో చూపగలిగితే మంత్రికి రాయడానికి ఆధారం దొరుకుతుందంది. తర్వాత నావైపు తిరిగి, ఈ పనిని ఇక్కడి మనిషికి మొదటినుంచీ నేర్పాలంటే ఎంతకాలం పడుతుందని అడిగింది. అది సరైన ప్రశ్న. దానికి సమాధానం చెప్పగలిగిన మనిషిని ఆ గదిలో నేనొక్కణ్ణే.

"నెలన్నర" అన్నాను.

ఆమె తల ఊపింది. ఆ తర్వాత అడిగినవన్నీ మర్యాద ప్రశ్నలు. టీ పూర్తయింది. మీటర్ ముల్లు ఎక్కడ ఆగిందో చూసినట్టే నాకు అర్థమైంది. నెలన్నరలో నేర్పగలిగే పనికి మినహాయింపు రాదు.

కారు దగ్గరకు వచ్చాక అతను తలుపు తెరవకుండా నిలబడ్డాడు.

"నెలన్నరేంటి బావా? నాకు రెండు సీజన్లు పట్టింది."

నవ్వుతూనే అన్నాడు. నా భార్య తాళాల కోసం నావైపు చెయ్యి చాపింది. ఆ రోజు కారు తనే నడిపింది.

అతను చెప్పిందీ నిజమే. అతను చేరినప్పుడు నేర్పేవాళ్ళు లేరు. రెండు సీజన్ల పాటు, అంటే రెండేళ్ళు, తప్పులు చేస్తూ, సరిదిద్దుకుంటూ ఒక క్రమం కనిపెట్టాడు. ఆ క్రమాన్ని చూసి నేను శిక్షణ తయారుచేశాను. ఇప్పుడు దాని ప్రకారం నేర్పితే ఎవరికైనా నెలన్నర చాలు. ఆమె అడిగింది ఎంతకాలమని. అది ఎవరివల్ల తగ్గిందని అడగలేదు.

మంత్రి కల్పించుకోరని కబురు వచ్చింది. అతన్ని ఆక్లండ్ విమానాశ్రయం దాకా తీసుకెళ్ళి దింపాం. దారిలో అక్కాతమ్ముళ్ళు ఆవకాయ గురించి మాట్లాడుకున్నారు. కస్టమ్స్‌లో అటు వెళ్ళేటప్పుడు పట్టుకుంటారా, ఇటు వచ్చేటప్పుడు పట్టుకుంటారా అని. లోపలికి వెళ్ళేముందు అతను నా కాళ్ళకు దండం పెట్టబోయి, జనాన్ని చూసి ఆగి, చెయ్యి కలిపాడు. "పిల్లలకు రెండో చరణంలో ఎడమ కాలు ముందని చెప్పండి బావా. మర్చిపోతున్నారు" అన్నాడు. చెబుతానన్నాను. చెప్పాను కూడా. ఆ పిల్లల్లో ఒకతైన మా అమ్మాయి తెలుగులో విని, తనకు తెలుసని ఇంగ్లిషులో జవాబిచ్చింది.

ఆ నియమం గురించి నా అభిప్రాయాన్ని, లెక్కను మళ్ళీ మొదటినుంచి చేసి చూసినట్టు, ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను. తప్పు దొరకలేదు. గరాజ్‌లో శనివారాలు సాగుతున్నాయి. అంకుల్ మామిడిపళ్ళ మాట మళ్ళీ చెబుతారు. నేను ఇప్పటికీ రాసి ఉన్నదే చదవాలంటాను. గిడ్డంగి పోలిక మాత్రం తేవడం లేదు. తలుపు దగ్గరి ప్లాస్టిక్ పెట్టె మీద ఇప్పుడు చెప్పులు పెడుతున్నారు.

అతని స్థానంలో పక్క ఊరు టెపూకి నుంచి వచ్చే, ఇక్కడే పుట్టిన ఒక కివీ ఆవిడను తీసుకున్నారు. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక మళ్ళీ పనిలో చేరింది. శ్రద్ధగల మనిషి. నేనే నేర్పాను. చన్నీళ్ళలో తడిసినట్టుండే ఆ గదుల్లో, గ్లవ్స్ లోపల వేళ్ళు మొద్దుబారిపోతుంటే, ఆమె సూది గుచ్చి అంకె చదివేది. నేను సరేననేవాణ్ణి. కొన్నాళ్ళకు నన్ను అడగడం మానేసింది.

ఒక సాయంత్రం భోజనాల దగ్గర నా భార్య అడిగింది.

"ఆవిడ నేర్చుకుందా?"

"నేర్చుకుంది."

"ఎన్నాళ్ళు పట్టింది?"

చెప్పాను. నెలన్నరేనని. తను తల ఊపి, నా కంచంలో పప్పు వడ్డించి, నెయ్యి గిన్నె నావైపు జరిపింది.