స్వెట్టరేసుకున్నోనికి వేడి చేసిందట

మా ఖమ్మం దిక్కు అప్పట్ల మనిషికి ఏం తేడా వచ్చినా ముందుగాల వినపడే మాట ఒక్కటే: వేడి చేసింది. నోరు పూసిందా, వేడి. ముక్కు మీద కురుపు లేచిందా, వేడి. పిలగాడు పరీక్ష తప్పిండా, తలకాయల వేడి. దవాఖానాకు పోవుడు తరువాతి సంగతి, ముందు ఇంట్ల పెద్దమనిషి మన కింది రెప్ప గుంజి చూసి, నాలిక బయటపెట్టించి, "అవ్, మస్తు వేడున్నది" అని తేల్చాలె. ఎండకాలం మా దగ్గర గోడలే కాలుతుంటయ్, మనుషులకు వేడి చెయ్యదా అని మీరనొచ్చు. నిజమే. కని నా సంగతి వేరే. నాకు వేడి చేసింది కోల్డ్ స్టోరేజీల. (నవ్వకుండ్రి. ఇప్పుడే నవ్వితే ముందుకేం మిగలదు.)

చదువైనంక ఏన్కూరు నుంచి ఖమ్మం వచ్చి మిర్చి కోల్డ్ స్టోరేజీల సూపర్‌వైజర్‌గ చేరిన. రైతులు మంచి ధర వచ్చేదాక మిర్చి బస్తాలు దాచిపెట్టుకునే చోటది. బయట ఎండకు డాంబర్ రోడ్డు మెత్తబడుతుంటే, లోపల పండ్లు టకటక కొట్టుకునే చలి. అందుకని ఊదారంగు స్వెట్టరొకటి కొనుక్కున్న. నడి ఎండకాలంల ఖమ్మం బజార్ల స్వెట్టర్ చంకల పెట్టుకొని తిరిగిన మొగోన్ని నేనొక్కన్నే, కావాలంటే రాసిస్త. చేరిన కొత్తల తుమ్మితుమ్మి సచ్చిన గని, కొన్నాళ్ళకు ముక్కు అలవాటుపడ్డది, మిర్చికి ఘాటుంటదన్న సంగతే మర్చిపోయిన. హమాలీలు మూతికి తువ్వాల కట్టుకొని బస్తాలెత్తేటోళ్ళు. నేను సూపర్‌వైజర్ని గద, తువ్వాల కట్టుకుంటే నా ఇజ్జత్ ఏంగావాలె? నేను కిరాయికున్న రూము కింద, అందరు చాచా అని పిలిచే టైలరాయన దుకాణం ఉండేది. నేను మెట్లెక్కుతుంటే చాలు, చాచా తుమ్ములు మొదలుపెట్టేటోడు. "అరే బేటా, నీ ఒంటి మీదకెల్లి ఠండీ కొడుతున్నది, జర దూరంకెల్లి పో" అనేటోడు. అయుండొచ్చు అనుకునేటోన్ని. రూముకు పోయి ఆ స్వెట్టర్‌నే మడిచి తల కింద పెట్టుకొని పడుకునేటోన్ని. మెత్త కొనుక్కుందామని రోజూ అనుకునుడే, కొన్నది లేదు.

గప్పుడే నాకో సంబంధం వచ్చింది. పాల్వంచ దాటినంక, భద్రాచలం రాకముందు, అడివంచుకు ఒక ఊరు. పొద్దుగాల మొదటి బస్సెక్కి, అమ్మానాయిన ముందు సీట్ల కూసుంటే, నేను ఎనక సీట్ల స్వెట్టర్ మడిచి కిటికీకి పెట్టి, దాని మీద చెంప ఆనించి కమ్మగ నిద్రపోయిన. వాళ్ళింట్ల పిల్ల మజ్జిగ గ్లాసులు తెచ్చింది (ఆ ఇంట్ల చాయ్ బంద్ అని తరువాత తెలిసింది). పిల్ల తండ్రి నా నౌకరీ ఏందని అడిగితే, కోల్డ్ స్టోరేజీల అని చెప్పిన. "అందుకేనా, పిల్లను చూడనీకి స్వెట్టర్ పట్టుకొచ్చిండు" అని పిల్ల తలుపు చాటునుంచి కిసుక్కున నవ్వింది. ఇగ చెప్పేదేమున్నది, నేను అక్కడికక్కడే పడిపోయిన. చేసుకుంటే ఈ పిల్లనే చేసుకోవాలె, లేకుంటే లగ్గమే వద్దు అనుకున్న.

అట్ల పడిపోయినోన్ని ఆ పిల్ల నాయనమ్మ లేపి నిలబెట్టింది. చుట్టుపక్కల ఊర్లన్నిట్ల ఆమెను చలువ నాయనమ్మ అంటరు. ఎవరికి వేడి చేసినా ఆమె గడప తొక్కాల్సిందే. దగ్గరికొచ్చి, అడగకుంటనే నా కింది రెప్ప గుంజింది.

"ఏంది బిడ్డా, కండ్లు గింత ఎర్రగున్నయ్?"

"ఎండకు, నాయనమ్మా."

"తెల్లారగట్ల బస్సుల ఎండ యాడిది? తాగుతవా?"

మా అమ్మ గుండె మీద చెయ్యేసుకున్నది. "అయ్యో, మావోడు సోడా గూడ తాగడమ్మా!" నాయనమ్మ వినలే. "తాగెటోనితోటి సంసారం ఎట్లుంటదో నాకు ఎరుక. మా ఆయనతోటి నేను పడ్డది చాలు, నా మనవరాలు పడొద్దు" అన్నది. అందరు నా కండ్ల దిక్కే చూస్తున్నరు. చూస్తున్నకొద్ది అవి ఇంకింత మండుతున్నయ్. అప్పుడు నా నోట్ల నుంచి నేను అనుకోకుంటనే ఒక మాట వచ్చింది: "నాకు వేడి చేసింది, నాయనమ్మా."

ఆమె మొఖం వెలిగింది. పిల్ల తండ్రి "చలిల పనిచేసెటోనికి వేడేందే అమ్మా" అన్నడు గని, నాయనమ్మ దగ్గర దానికి గూడ జవాబున్నది. "బయట చలుంటే ఒంట్ల వేడి భయపడి లోపలికి పోయి దాక్కుంటది. ఈ పిలగానిది దాక్కున్న వేడి. నేను చెప్పినట్టు పథ్యం చెయ్యనియ్యి. పచ్చళ్ళు పెట్టే దినాలకు నేనే ఖమ్మం వచ్చి చూస్త. కండ్లు తెల్లగైతే వేడి, లగ్గం పెట్టుకుందాం. ఎర్రగనే ఉంటే తాగుడు, ఎవల దారి వాళ్ళదే." అందరు సరేనన్నరు. నేనైతే అందరికంటె ముందే అన్న. పథ్యమెంత పని అనుకున్న!

పొద్దు పొడవకముందే లేచి చన్నీళ్ళ స్నానం. మాడుకు ఇంత ఆముదం, అరికాళ్ళకు ఇంత ఆముదం. పరిగడుపున రాత్రి నానేసిన ధనియాల నీళ్ళు, తరువాత ఉల్లిగడ్డ నంజుకుంట మజ్జిగ కలిపిన రాగంబలి. మధ్యాన్నం పెసరపప్పు, సొరకాయ, బీరకాయ, మళ్ళ సొరకాయ. ఎండపూట సబ్జా నీళ్ళు, దొరికితే తాటి ముంజలు. అంగడిల కోయోళ్ళు అమ్మే సుగంధిపాల వేర్లు నాయనమ్మే కొని బస్సు డ్రైవర్‌తోటి పంపేది, వాటితోటి షర్బత్. కోడికూర, ఆవకాయ, చాయ్ ముట్టొద్దు. మిరపకాయ కంటితోటి గూడ చూడొద్దన్నది. (నేను దినాం చూసేది అవే గదా నాయనమ్మా అంటే, "చూడు గని మనసు పెట్టకు" అన్నది.) అన్నిటికంటె కష్టమైన పథ్యం ఒకటున్నది: కోపం రావద్దు. కోపమొస్తే తాగిన సబ్జా అంతా ఆవిరైతదట. ఈ ముచ్చట హమాలీలకు ఎట్లనో తెలిసింది. బస్తా జారి నా కాలు మీద పడ్డా "సార్, కోపం పథ్యం సార్, లగ్గం పోతది సార్" అని నవ్వుకుంట పోయెటోళ్ళు. నేను పండ్లు కొరుక్కుంట నవ్వెటోన్ని. స్వెట్టరేసుకొని నిలబడి, వణుక్కుంట సబ్జా నీళ్ళు తాగే మనిషిని చూడనీకి పక్క గోదాములోళ్ళు గూడ వచ్చెటోళ్ళంటే మీరు నమ్మాలె.

నాయనమ్మ ఫోన్ చేసి "ఇయ్యాల ఏం తిన్నవ్?" అని పట్టిపట్టి అడిగేది. నేను సొరకాయ అనంగనే ఎనకనుంచి నవ్వు వినపడేది. ఆ నవ్వు కోసం ఎంత సొరకాయనైనా తింట అనిపించేది. నిజం చెప్పాలె గద, పథ్యం బాగనే పనిచేసింది. నోటిపూత పోయింది, పొట్ట తేలికైంది, నిద్ర బాగ పట్టింది, మొఖానికి నిగారింపొచ్చింది. అన్నీ మంచిగైనయ్, కండ్లు తప్ప. అవి మాత్రం పొద్దుగాల లేస్తే చింతనిప్పులే. నిద్ర తక్కువైందేమో అని ఇంకింత ఎక్కువ పడుకునేటోన్ని. ఎంత పడుకుంటే అంత ఎర్రగయ్యేటియి.

పచ్చళ్ళ దినాలు రానే వచ్చినయ్. ఒక మధ్యాన్నం నాయనమ్మ మెట్లెక్కి నా రూముకొచ్చింది. కొడుకును, మనవరాలిని నూనె, ఆవాలు కొననీకి బజారుకు తోలిందట. నన్ను కిటికీ దగ్గర నిలబెట్టి రెప్ప గుంజింది. చాలాసేపు చూసింది. తరువాత చెయ్యి తీసేసి తల అడ్డంగ ఊపింది.

"పథ్యం చేసినవ్ బిడ్డా, నీ నాలిక చూస్తే తెలుస్తున్నది. మంచోనివే అనిపించినవ్. కని ఇన్ని దినాల చలువకు గూడ తగ్గని ఎరుపు వేడిది గాదు. నా మనవరాలిని నేనియ్య."

నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఇంకింత ఎర్రగైతయని ఆపుకున్న. తాగలేదని ఒట్టేసి చెప్పిన, ఆమె వినలే. ఎండల పడొచ్చిందేమో, ఆమెకు తల తిరిగినట్టైంది. "కొడుకొచ్చేదాక జర నడుం వాలుస్త" అన్నది. సంబంధం పోతే పోయింది, పెద్దమనిషి గద అని సాప పరిచి, నా స్వెట్టర్‌ను నీటుగ మడిచి ఆమె తల కింద పెట్టిన. ఆమె నిద్రపోయింది. నేను కిందికి పోయి చాచా పక్కన మొఖం వేలాడేసుకొని కూసున్న. "ఫికర్ చెయ్యకు బేటా" అని చాచా తుమ్ముకుంటనే ఓదార్చిండు.

జరసేపటికి తండ్రీబిడ్డలొచ్చిండ్రు. ముగ్గురం పైకి పోయినం. నాయనమ్మ అప్పుడే లేచి సాప మీద కూసున్నది. రెండు కండ్లు పండు మిరపకాయల లెక్కున్నయ్. ముక్కు కారుతున్నది, నీళ్ళు ధారగ పోతున్నయ్. ఆమెను చూసి కొడుకు నూనె డబ్బా పట్టుకొని అట్లనే నిలబడ్డడు. పిల్ల ఒకసారి ఆమె కండ్లు చూసింది, ఒకసారి నా కండ్లు చూసింది.

"నాయనమ్మా," అన్నది మెల్లగ, "నువ్వెప్పటి నుంచి మొదలుపెట్టినవ్?"

నాయనమ్మ తిట్టనీకి నోరు తెరిచింది గని తుమ్ములు తిట్టనియ్యలే. పిల్ల వంగి సాప మీది స్వెట్టర్ తీసుకొని, వాసన చూసి మొఖం తిప్పుకున్నది. తరువాత వరండలకు పోయి పిట్టగోడ మీదికెల్లి ఒక్కసారి దులిపింది. ఎండల ఎర్రటి దుమ్ము లేచింది, కింద దుకాణంల చాచా వరసపెట్టి తుమ్ముడు మొదలుపెట్టిండు. "ఇగో, మీ ఇద్దరు తాగిన సారా" అని స్వెట్టర్‌ను మా ముందు పడేసింది. రోజూ మిర్చి దుమ్ము మీద పండుకొని, పొద్దుగాల లేచి సబ్జా తాగిన నా తెలివికి నేనే నోరెళ్ళబెట్టిన.

నాయనమ్మ ఓడిపోయిందనుకుంటున్నరా? కొంగుతోటి కండ్లు తుడుచుకొని, "నేను ముందే చెప్పిన, వేడేనని. లోపలున్నదనుకున్న, బయటున్నది, అంతే గద" అన్నది. "పథ్యం మాత్రం ఆపకు. లగ్గం దాక మొఖం గిట్లనే నిగనిగలాడాలె." ఆ మాట విన్నంక నాకు ఆనందం ఆగలే. ఆమె కాళ్ళకు మొక్కిన, లేచి చాచాకు చెప్పనీకి మెట్ల మీద ఉరికిన. స్వెట్టర్‌ను ఉతికితే చిన్నపిల్లల అంగీ అంతైంది. ఇప్పటికీ బీరువల ఉన్నది.

నాయనమ్మ పోయి చానా ఏండ్లైంది. ఆ దినం వాళ్ళింట్ల ఒక మూలకు కూసోని నేను బాగ ఏడ్చిన. దూరపు చుట్టం ఒకాయన నా మొఖం చూసి, "అల్లుడు పొద్దుగాల్నే ఏసినట్టున్నడు" అని పక్కాయన చెవుల గుసగుసలాడిండు. మా ఆవిడ విన్నది. లోపలికి పోయి, సబ్జా నీళ్ళ గ్లాసు తెచ్చి నా చేతికిచ్చి, ఆయన దిక్కు చూసి అన్నది: "తాగలేదు బాబాయ్. ఆయనకు వేడి చేసింది."

ఆమె కండ్లు నాకంటె ఎర్రగున్నయ్. సగం తాగి, మిగిలింది ఆమెకే ఇచ్చిన.