మిసెస్ గ్రిమ్‌షా గారి అప్పీళ్లు

మా పక్కింటి మిసెస్ గ్రిమ్‌షాకి ఎవరిచ్చిన తీర్పూ నచ్చేది కాదు. ఎవరేం తేల్చి చెప్పినా, దీని మీద అప్పీలు ఎవరికి చేసుకోవాలని అడిగేది.

రొట్టెల కొట్టాయన ఇది నిన్నటి రొట్టె కాదంటే, ఆయన తల్లి దగ్గరికి వెళ్లి అప్పీలు చేసింది. చర్చి పూలపోటీలో తన డాలియాలకు రెండో బహుమతి ఇచ్చారని పాస్టరుకు రాసింది. ఆయన కాదంటే ఆయన పైవాళ్లకు రాసింది. పళ్ల డాక్టరు పన్ను పీకాల్సిందేనంటే, తెరిచిన నోరు మూసుకుని ఇంకో డాక్టరు దగ్గరికి నడిచింది. అరవై రెండేళ్ల జీవితంలో తప్పు తనదని ఆవిడ ఒప్పుకోగా ఇంగ్లండులో మా లాంకషైర్ వీధిలో విన్నవాళ్లు లేరు.

1951లో నేను మిల్లులో మగ్గాల మీద పనిచేసేదాన్ని. యుద్ధం తర్వాత వచ్చిన బీమా చట్టం ప్రకారం, నాలాంటి వాళ్లకు కాన్పు సమయంలో వారం వారం ప్రసూతి భత్యం ఇవ్వాలి. దానికి ముందుగా ఫారం పెట్టుకోవాలి. నింపిన ఫారం పొయ్యి మీది అరలో ఉండగానే, నెలన్నర ముందుగా మా మార్జరీ పుట్టేసింది. నాకు ఒళ్లు తెలియని జ్వరం. మా ఆయన సరుకుల ఓడలో ఎక్కడో సముద్రం మీద ఉన్నాడు. మూడు వారాలకు నేను లేచి నడవగలిగి ఫారం ఇచ్చేసరికి గడువు దాటిందన్నారు. ఆలస్యానికి తగిన కారణం లేదని ఉత్తరం పంపారు.

తగిన కారణం లేదట. అరచేతిలో ఇమిడే పిల్ల, మంచం దిగలేని తల్లి. ఇంతకన్నా ఏం కారణం కావాలో ఆ రాసినాయనకే తెలియాలి. నా జీతంలోంచి బీమా చందా కోసుకోవడానికి మాత్రం వాళ్లు ఒక్క వారం ఆలస్యం చెయ్యలేదు.

"ఏడవకు ఐవీ," అంది మిసెస్ గ్రిమ్‌షా, ఉత్తరం అడుగున ఉన్న చిన్నక్షరాలు చదువుతూ. ఆవిడ ముఖం వెలిగిపోయింది. "నచ్చకపోతే అప్పీలు చేసుకోమని వీళ్లే రాశారు. ఇన్నాళ్లకు సర్కారుకు మర్యాద తెలిసింది."

అప్పీలు వినడానికి ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో అధ్యక్షుడు లాయరు. ఒక పక్క యజమానుల మనిషి, రెండో పక్క యూనియన్ మనిషి.

"గడువు సంగతి కరపత్రంలో స్పష్టంగా ఉంది," అన్నాడు ఆఫీసు తరఫు ఉద్యోగి.

"పిల్ల అది చదువుకుని పుట్టలేదు నాయనా," అంది నా తరఫున వచ్చిన మిసెస్ గ్రిమ్‌షా.

యూనియన్ ఆయన నవ్వు ఆపుకున్నాడు. అధ్యక్షుడు నవ్వలేదు.

"జ్వరం నిజమే కావచ్చు. కానీ ఆ మూడు వారాలూ ఇంట్లో ఇంకో మనిషి ఉందని, చూడ్డానికి వచ్చిన నర్సు రాసింది. ఆవిడైనా ఫారం తెచ్చి ఇవ్వొచ్చు కదా?"

మిసెస్ గ్రిమ్‌షా టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది. కాసేపు దాని అంచు సర్దింది.

"ఆ మనిషిని నేనేనండి. ఫారం రోజూ నా కళ్లెదురుగానే ఉంది. పిల్లను దూదిలో చుట్టి, బీరువా సొరుగులో పడుకోబెట్టి, పొయ్యి పక్కన పెట్టుకున్నాను. గంటకోసారి చుక్క చుక్కగా పాలు పట్టాను. తల్లి నుదుటి మీద తడిగుడ్డ మార్చాను. ఫారం సంగతి మరిచిపోయాను. ఈ అమ్మాయిది కాదు, తప్పు నాది."

జ్వరంలో ఇందులో సగం నాకు తెలియదు. ఆవిడ ఎప్పుడూ చెప్పనూ లేదు. ఆ పూట చెయ్యి పట్టుకుందామంటే విదిలించుకుంది.

వారానికి తీర్పు కాగితం వచ్చింది. మార్జరీని ఎత్తుకుని పక్కింటికి పరిగెత్తాను.

"మనం గెలిచాం. కారణం సబబేనన్నారు."

ఆవిడ పిల్లను ఒళ్లోకి తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని కాగితం రెండుసార్లు చదివింది. మూతి బిగుసుకుంది.

"'పొరుగామె మతిమరుపు' అని రాశారే."

"మీరే కదండీ చెప్పారు?"

"నేను చెప్పుకుంటే చెప్పుకున్నాను. ముగ్గురు మగాళ్లు, ఒక్క ప్రశ్నైనా వెయ్యకుండా నమ్మెయ్యడమేనా?"