చెయ్యి దించేదాకా

పుంగనూరు పశువుల పరస జాతరలో నేను ఎత్తవలసిన రాతిగుండుకు ఎవడో ఆముదం పూశాడు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. గుండు మోకాలి దాకా వచ్చి జారింది, బొటనవేలి గోరు ఊడింది. పూసినవాడెవడో ఈనాటికీ తేలలేదు. నన్నడిగితే, గుండు జారగానే ముందుగా చప్పట్లు కొట్టినవాళ్లందరి మీదా నాకు అనుమానమే.

మా తంబళ్లపల్లె వైపు గొర్రెల కాపరులకు గుండెత్తడంలో ఒక పద్ధతి ఉండేది. గుండును ఒళ్లోకి, ఎద మీదికి, భుజం మీదికి తెచ్చి వెంటనే వెనక్కి దొర్లించాలి. అది నేల మీద దబ్బున పడిన చప్పుడే సాక్ష్యం. భుజాన పెట్టుకుని నిలబడ్డవాణ్ణి చూసి, “వానికి పారేసే సత్తువ గూడా లేదురా” అని నవ్వేవాళ్లు. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి నేర్చింది అదే.

తర్వాత మదనపల్లెలో చెనిక్కాయల మండీలో మూటలు మోసేటప్పుడు, మిషన్ ఆసుపత్రి వెనక కాపురముండే ఒక కాంపౌండరు తన ఇనుప కడ్డీ, దానికి తగిలించే బరువు బిళ్లలు నాకిచ్చి ఎత్తించేవాడు. ఆదివారం ఆయన చర్చి నుంచి రాగానే మా సాధన. పాపం, ఆయనకూ పోటీల సంగతి తెలియదు. కడ్డీ తల మీదికి లేచిందా లేదా, అంతే చూసేవాడు. లేవగానే నేను పారేసేవాణ్ణి. వాళ్ల పెరట్లో నేలంతా గుంటలే.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు కుప్పంలో బరువులెత్తే పోటీ పెట్టారు. హెవీవెయిట్‌లో ఇద్దరమే: నేను, రైల్వే గూడ్సు షెడ్డులో పనిచేసే ఒక కుప్పం మనిషి. గెలిచినవాణ్ణి మద్రాసు పోటీలకు పంపుతారు. బడి ముఖం చూడని నేను, పాత పత్రికల్లో మద్రాసు బలశాలుల బొమ్మల కింది అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. మద్రాసు మీద నా ఆశ అంతటిది.

మా ఇద్దరినీ తూచింది అతడు పనిచేసే షెడ్డు కాటా మీదే. అక్కడే నాకు మొదటి ముల్లు గుచ్చుకుంది. కడ్డీని నా తువ్వాలుతో ఈ చివర నుంచి ఆ చివర దాకా తుడిచాను, వాసన చూశాను. బిళ్లలు ఒక్కొక్కటీ కాటా మీద పెట్టించాను. అన్నీ సరిగ్గానే తూగాయి. నా అనుమానం ఇంకా పెరిగింది.

“ఏమప్పా, పెండ్లికూతుర్ని సూసేదానికొచ్చినట్ల ఇనుమును తిప్పి తిప్పి సూస్తాండావే?” అన్నాడు ఆ కుప్పం మనిషి. జనం గొల్లున నవ్వారు.

“మీ ఊరి ఇనుము గదప్పా, సూసుకోవల్ల,” అన్నాను.

రెఫరీ మద్రాసు నుంచి వచ్చాడు. నియమాలు ఇంగ్లీషులో చదివాడు, అరవంలో చదివాడు. తెలుగులో చదవలేదు. కుప్పం వాళ్లకు అరవం వస్తుంది, నాకు రాదు. ఆ సంగతి అడిగిన పుణ్యాత్ముడు లేడు.

ఒక్కొక్కరికి మూడు అవకాశాలు. మొదటిసారి కడ్డీని తల మీదికి లేపాను. లేపగానే పారేశాను. కుప్పం అదిరింది. రెఫరీ తల అడ్డంగా ఊపాడు.

నేను అతని మీదికి పోతుంటే కుప్పం మనిషి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. “యాల పారేస్తాండావప్పా? పైన పట్టుకోని కదలకుండా నిలబడు. ఆయప్ప సెయ్యి దించేదాకా దించగాకు.”

నన్ను ఓడించవలసినవాడు నాకు గెలిచే దారి చెబుతాడా? మోసినకొద్దీ నా భుజాలు చచ్చిపోవాలని వీడి పన్నాగం అనుకున్నాను. రెండోసారీ లేపి పారేశాను. రెఫరీ మళ్లీ తల ఊపాడు.

తర్వాత అతడు ఎత్తాడు. నేను లేపినదాని కంటే తక్కువ బరువే. పైన పట్టుకుని స్తంభంలా నిలబడ్డాడు. రెఫరీ ఎత్తిన చెయ్యి దించాడు, అప్పుడే అతడు కడ్డీ దించాడు. అప్పుడు నాకు వెలిగింది.

మూడోసారి కడ్డీ పైకి లేచింది. పారేయలేదు. చేతులు నిటారుగా ఉన్నాయి, కాళ్లు నిలబడ్డాయి. రెఫరీ చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. అంతలో ఎవరో నవ్వినట్టు వినిపించింది. ఆ కుప్పం మనిషే నన్ను చూసి నవ్వుతున్నాడని మెడ తిప్పాను. మెడతో భుజం కదిలింది, భుజంతో కడ్డీ. కడ్డీ నేల మీద పడ్డాక చూస్తే అతడు నవ్వడం లేదు. రెండు పిడికిళ్లూ బిగించి, ఊపిరి పట్టి, నా చేతుల వైపే చూస్తున్నాడు.

“ఇంగ రోంతసేపు నిలబడుంటే నువ్వే పోతాంటివి గదప్పా మద్రాసుకు,” అన్నాడు.

అతడే మద్రాసు రైలెక్కాడు. మరుసటి ఏడు పోటీకి రమ్మని నాకు కబురు కూడా పంపాడు. మనసారా పిలిచాడో, ఎగతాళికి పిలిచాడో తేల్చుకోలేక వెళ్లలేదు. ఆ పై ఏడాది నడుము పట్టేసింది, కడ్డీ జోలికి మళ్లీ పోలేదు. మెడ తిప్పింది నేనే, కాదనను. కానీ ఇప్పటికీ గట్టిగా చెబుతాను: నియమం చెప్పవలసినవాడు రెఫరీ. నాకు అర్థమయ్యే మాటలో చెప్పాలి. పోటీదారు నోట విన్న నియమాన్ని నమ్మేవాడు ఎవడు?