గుబ్బల టైర్లు వచ్చాయి

బుజ్జీ, నువ్వు అడిగిన గుబ్బల టైర్లు ఈ రోజు వచ్చాయి బిడ్డా.

మంచుకు తడిసిన బొగ్గు బురదలో సైకిల్ జారుతోందని, మొదటి షిఫ్టుకు పోవాలంటే అవే కావాలని పోరు పెట్టావు. అవి వచ్చేదాకా పనికొస్తుందని వెనక టైరుకు నేనే కొబ్బరితాడు చుట్టాను. ఆ తాడే ఊడి చక్రంలో చిక్కింది. సైకిల్ పక్కకు పడింది, నువ్వు లారీ కింద పడ్డావు.

ఊరికి పోయి నిన్ననే తిరిగొచ్చిన సైకిల్ షాపు కాకకు ఇదేమీ తెలియదు.

"పిలగాడు ఏడి బిడ్డా? గీ టైర్ల కోసం మస్తు సతాయించిండు!" అన్నాడు.

"డ్యూటీకి పోయిండు కాకా. నువ్వు ఎక్కియ్యి," అన్నాను.

ఆ సైకిల్‌ను మంచులో గని గేటు దాకా నడిపించుకుంటూ పోయాను. ఒక్కసారి కూడా జారలేదు.

వాడి దినం భోజనానికి వచ్చినవాళ్లనే అడుగుతున్నాను: నాకు పిచ్చి పట్టిందా, మీరే చెప్పండి. మీరు మాత్రం కడుపు నిండా తినండి.