దవడ దాకా వచ్చిన పాట

డాల్ఫిన్‌కు చెవి దొప్పలు ఉండవు. తలకు రెండు పక్కలా సూదిమొనంత రంధ్రాలుంటాయి కానీ వాటితో పెద్దగా పని లేదు. నీళ్లలో వచ్చే శబ్దం కింది దవడకు తగిలి, దాని లోపలి కొవ్వు గుండా లోపలి చెవికి చేరుతుంది. పళ్లున్న తిమింగలాలదీ ఇదే పద్ధతి. డిప్లొమా రెండో ఏడులో హాస్టల్ టీవీలో ఇది చూసిన రాత్రి చాలాసేపు ఒక లెక్క వేసుకుంటూ కూర్చున్నాను. మెదడు జ్వరం వచ్చి తగ్గాక మా చెల్లెకు రెండు చెవులూ వినపడడం మానేశాయి. అప్పటికి తనకు పదకొండేళ్లు. దవాఖానాలో చెవులు పోయాయన్నారు తప్ప, లోపల ఎక్కడ పోయిందో చెప్పలేదు.

నా లెక్క ఇది. ఒకటి, చెడింది బయటి చెవి. రెండు, దవడ ఎముక బాగుంది. మూడు, శబ్దాన్ని ఎముక గుండా పంపితే చాలు.

సెలవులకు మా ఊరు పినపాక వచ్చి పాత రేడియో స్పీకర్ విప్పాను. దాని కాగితం కోసేసి, మధ్యలోని కాయిల్‌కు వెదురు పుల్ల అతికించి, ఆ రేడియో ఆంప్లిఫయర్ ద్వారా మైకు కలిపాను. పుల్లను చెల్లె పళ్ల మధ్య పెట్టుకుంది. చర్చిలో ఆదివారం పాడే పాట అమ్మ మైకులో ఎత్తుకుంది.

చెల్లె కళ్లు పెద్దవయ్యాయి. తాళం తప్పకుండా తల ఊపింది. అమ్మ ఆపితే తలా ఆగింది.

“ఇనబడుతుంది! నా బిడ్డకు ఇనబడుతుందిరా!” అమ్మ ఏడుస్తూ పక్కింటి అత్తను కేకేసింది.

అత్త వచ్చి చూసి, “అయితే గిప్పటిసంది దీన్ని తిట్టాల్నంటే గా మైకు పట్టుకోవాల్నా?” అంది. అందరం నవ్వాం. మమ్మల్ని చూసి చెల్లె కూడా నవ్వింది.

ఖమ్మంలో చెవుల డాక్టర్ దగ్గరికి ఆ పరికరాన్నీ సంచిలో పెట్టుకుని వెళ్లాం. వినికిడి పరీక్ష చేశాక ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. “మంచిగ చేసినవ్ తమ్ముడూ” అన్నాడు. చెల్లెను పుల్ల కరుచుకోమని, అమ్మను పాడమన్నాడు. కాసేపటికి పుల్ల తీసి చెల్లె మోకాలికి ఆనించాడు. నోటికీ మోకాలికీ తేడా తెలుస్తోందా అని కాగితం మీద రాసి చూపించాడు.

“లేదు సార్, ఒక్కటే. జుమ్మంటది” అంది చెల్లె. “మోకాలికాడైతే ఇంకా మంచిగున్నది.”

మోకాలు వినదు. అదురు మాత్రమే తెలుస్తుంది. డాల్ఫిన్‌కైనా దవడ తోవ మాత్రమే, ఆ తోవ చివర లోపలి చెవి బతికి ఉండాలి. జ్వరం ఆ చివరనే చంపేసింది.

అమ్మకు అర్థం కాలేదు. మైకు దించకుండానే, “ఇంకో పాట పాడాల్నా సార్?” అని అడిగింది. డాక్టర్ మెల్లగా వద్దని చెప్పి, అంతా వివరించాడు.

తిరుగు బస్సులో చెల్లె, తన గొంతు తనకు వినపడదు కాబట్టి, అందరూ తిరిగి చూసేంత గట్టిగా అడిగింది: “అన్నా, డాక్టర్ ఏమన్నడు?”

టికెట్టు వెనక రాయొచ్చు. పెన్ను తీశాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“ఇంటికి పోయినంక” అంది.

చెల్లె ఆ పెదవుల్ని చూసింది. తర్వాత అమ్మ ముఖాన్ని చూసింది. ఆ ప్రశ్న మళ్లీ ఎప్పుడూ అడగలేదు.